మూడు గోడల గది

నవంబరు 5, మంగళవారం

వెళ్ళొచ్చాం. మంచం మీద కూర్చున్నా ఇంకా బస్సులోనే ఉన్నట్టు ఒళ్ళు ఊగుతోంది.

అంత పెద్ద ఊళ్ళో నోరు తెరవడం నా వల్ల కాలేదు. కంటి ఆసుపత్రి మెట్ల ముందు అత్తయ్య చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను. ఎటు వెళ్ళాలో ఎవరినైనా అడగాలి. అడుగుదామని ముగ్గురు నలుగురి మొహాల్లోకి చూశాను, వాళ్ళు నా వైపు చూసేలోపు తల దించుకున్నాను. చివరికి అత్తయ్యే గొంతెత్తింది. "కళ్ళున్నవాళ్ళెవరైనా కాస్త దారి చెప్పండయ్యా! నాకు కనపడదు, నా కోడలికి వినపడదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన వచ్చి లోపలిదాకా తీసుకెళ్ళాడు.

"నాకు వినపడుతుంది కదా అత్తయ్యా" అన్నాను తర్వాత.

"నువ్వు మాట్లాడేది ఎవరికీ వినపడదు కదే పిచ్చుకా. రెండూ ఒకటే."

నన్ను పిచ్చుక అనే పిలుస్తుంది. నేను పెళ్ళై వచ్చేసరికే ఆవిడ కళ్ళు మసకేశాయి. నా మొహం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. గొంతునిబట్టి పెట్టిన పేరు.

కంట్లో ఒత్తిడి తగ్గాక గానీ ఆపరేషన్ చేయరట. అప్పటిదాకా ప్రతి మంగళవారం రావాలి. చుక్కలు వేసి లోపల కూర్చోబెడతారు, తర్వాత పరీక్షలు. వెంట వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. "గంటన్నర, రెండు గంటలు పడుతుందమ్మా, అలా బయట తిరిగి రండి" అంది నర్సు, తిరగడం తెలిసిన మనిషికి చెప్పినట్టు.

అత్తయ్య వేరేగా చెప్పింది. "గడియారం కింద బల్ల ఉందన్నావే, అక్కడే కూర్చో. చుక్కలు పడ్డాక నాకు మనుషులు మనుషుల్లా ఉండరు. పసుపుపచ్చ ఒక్కటే తెలుస్తుంది. స్వెట్టరు విప్పకు. దాన్నిబట్టి నీ దగ్గరికి వచ్చేస్తాను."

ఆ స్వెట్టరు ఆవిడ అల్లిందే. పెళ్ళైన మొదటి చలికాలంలో, వేళ్ళతో తడుముకుంటూ అల్లింది. పక్క ఊరినుంచి చూసినా కనపడేంత పసుపు. ఎడమ చెయ్యి కుడి చేతికంటే నాలుగు వేళ్ళు పొడుగు. మడిచి తొడుక్కుంటాను.

బల్ల మీదే కూర్చున్నాను. ఒక్కసారి మాత్రం వీధి మలుపుదాకా వెళ్ళాను. అక్కడ వీధివైపంతా అద్దమే ఉన్న పెద్ద షాపు ఉంది. లోపల ఇళ్ళున్నాయి. షాపు లోపల ఇళ్ళు! వెంటనే వెనక్కి వచ్చేశాను.

నవంబరు 8, శుక్రవారం

వెల్డింగ్ పని నుంచి ఆయన వచ్చేసరికి చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. దాన్ని కుడుతూ కూర్చున్నాను. ఆయన పక్కన చేరి నా చెవిలో ఏదో అన్నారు. నవ్వొచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను. అయినా తెర అవతలి నుంచి వచ్చింది, "ఏంట్రా ఆ జోకు, నాకూ చెప్పు" అని.

ఆయన దూరంగా జరిగి కూర్చున్నారు.

ఒకటే గది. మధ్యలో తెర. ఇటు మేము, అటు అత్తయ్య. చూపు తగ్గినకొద్దీ ఆవిడకి చెవులు పెరిగాయి. నేను అటు తిరిగి పడుకుంటే "ఏమే, నిద్ర పట్టలేదా" అంటుంది. ప్రేమగానే అంటుంది.

ఆవిడ తప్పేం లేదు. ఆవిడ ఇల్లే కదా.

మంగళవారం ఎప్పుడొస్తుందో.

నవంబరు 12, మంగళవారం

షాపు లోపలికి వెళ్ళాను. రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ వెళ్ళాను.

ముందు స్వెట్టరు విప్పి సంచిలో కుక్కాను. ఆ పెద్ద అద్దంలో నన్ను నేను చూసుకున్నాక విప్పకుండా ఉండలేకపోయాను. మడిచిన చెయ్యి ఒకవైపు లావుగా, కట్టు కట్టినట్టు ఉంది.

మంచాలూ కుర్చీలూ అమ్మే షాపట. లోపల అన్నీ గదులు. ఒక్కో గదికి మూడు గోడలు, నాలుగోవైపు మనం నడిచే దారి. వంటగదిలో కుళాయి తిప్పాను, నీళ్ళు రాలేదు. బల్ల మీద పళ్ళు చెక్కవి. అలమరలో పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీస్తే అట్ట ఒక్కటే, లోపల కాగితమే లేదు. నాకు చదువు తక్కువని ఎప్పుడూ దిగులు. ఈ ఇంటివాళ్ళకి నాకంటే తక్కువే అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వేశాను. గట్టిగానే. ఏంటని ఎవరూ అడగలేదు.

చివర, వీధివైపు అద్దాన్ని ఆనుకుని పడకగది. దానికి తలుపు ఉంది. నిజం తలుపు. లోపలికి వెళ్ళి వేశాను. ముందువైపు గోడే లేదు. అయినా వేశాను. గొళ్ళెం కూడా పెట్టాను.

షాపు అమ్మాయి గోడలేని వైపు నుంచి నడిచి వచ్చింది. నా వయసే ఉంటుంది. "మంచి తలుపు మేడమ్. లోపల మాట బయటికి, బయట మాట లోపలికి వినపడదు" అంది. మూడు గోడల మధ్య నిలబడి ఇద్దరం ఆ మాట నమ్మాం.

మేడమ్ అంది. నన్ను.

"కొత్త ఇల్లా మేడమ్?"

"ఊఁ."

"ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరమే."

అబద్ధమేం కాదు. ఆయన, నేను, ఇద్దరమే కదా.

టైముకే బల్ల దగ్గరికి వచ్చాను. స్వెట్టరు తొడుక్కున్నాను. అత్తయ్య కళ్ళు చికిలిస్తూ తిన్నగా నా మీదకే నడిచొచ్చింది. భుజం మీద అల్లిక తడిమి చూసి "పిచ్చుకే" అంది.

నవంబరు 13, బుధవారం

"అంతసేపు అక్కడ ఏం చేస్తావ్?" అని అడిగారు ఆయన.

"కూర్చుంటాను" అన్నాను.

"పాపం" అన్నారు.

నవంబరు 19, మంగళవారం

ఈరోజు ఏమీ రాయను.

నవంబరు 20, బుధవారం

అత్తయ్య కుడిచేతి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. వీధిలో తవ్వకాలు, పైగా జనం. నేను రావడం కొంచెం ఆలస్యమైంది. కొంచెమే.

నవంబరు 21, గురువారం

కొంచెం కాదు. నిద్రపోయాను.

"కూర్చుని చూస్తే ఏం తెలుస్తుంది మేడమ్, పడుకుని చూడండి. అందరూ పడుకుంటారు" అంది షాపు అమ్మాయి. చెప్పులు విప్పి ఆ మంచం మీద పడుకున్నాను. వాళ్ళ తెల్ల దిండు మాసిపోతుందని స్వెట్టరు మడిచి తలకింద పెట్టుకున్నాను. ఆ అమ్మాయి దీపం తగ్గించి వెళ్ళింది. అంత వెడల్పుగా కాళ్ళు చాపుకుని ఎన్నాళ్ళైందో. అవతలినుంచి దగ్గు లేదు. నిద్ర పట్టిందా అని అడిగేవాళ్ళు లేరు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకున్నాను.

"మేడమ్, మేడమ్" అని భుజం తట్టి లేపింది. గోడ గడియారం చూశాను. అది బొమ్మ గడియారం. ఆ అమ్మాయి చేతి వాచీ చూశాను. చెప్పులు చేత్తో పట్టుకునే పరుగెత్తాను.

బల్ల మీద ఎవరో బిడ్డతల్లి కూర్చుని ఉంది. అత్తయ్య లేదు.

"ఆవిడ వెళ్ళి చాలాసేపైందే" అంది నర్సు. "మా కోడలు బయట నిలబడింది, పసుపు స్వెట్టరు, అదిగో అని చెప్పి వెళ్ళింది." చెప్తూనే నా ఒంటి వైపు చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. స్వెట్టరు మంచం మీదే ఉండిపోయింది.

వీధిలోకి వచ్చి అరిచాను. పుట్టాక మొదటిసారి వీధిలో నిలబడి అరిచాను, "అత్తయ్యా" అని. ఎవరూ తిరిగి చూడలేదు. అది అరుపులా లేదు.

మలుపు తిరిగి, షాపు దాటాక, నీళ్ళ పైపుల కోసం రోడ్డు తవ్వుతున్నారు. పనివాళ్ళందరికీ చేతుల్లేని పసుపుపచ్చ కోట్లు. మట్టి కుప్ప పక్కన బోర్లించిన బకెట్టు మీద అత్తయ్య కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో టీ తాగుతోంది.

"ఈవిడ కోడలివి నువ్వేనా? బతికించావు తల్లీ" అన్నాడు మేస్త్రీ. "ఆసుపత్రి గేటు దగ్గర టీ తీసుకుని వస్తుంటే నా వెనకాల పడింది. నెమ్మదిగా నడవ్వే పిచ్చుకా, నన్నొదిలేసి పోతావా, అంటోంది. ఎవరిని అంటోందో అనుకున్నాను. మీసాల పిచ్చుకని నేనేనని తర్వాత అర్థమైంది."

పనివాళ్ళు నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. మేస్త్రీయే ముందు నవ్వు ఆపాడు. "నేను వెనక్కి తిరిగేలోపే పైపు తట్టుకుని పడింది. బరువంతా ఆ చేతి మీదే పడింది. చూపించండమ్మా, తొందరగా చూపించండి."

నేను ఏమన్నానో తెలుసా. "ఎక్కడికి వెళ్ళారు అత్తయ్యా?" అన్నాను. నేను, ఆవిడని.

"ఎక్కడికి పోతాను, నీ వెనకే" అంది.

లేపడానికి వంగితే పడిపోకుండా ఎడమ చెయ్యి నా మొహానికి ఆనించింది. బుగ్గ మీద ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత తీసేసింది. బస్సెక్కేదాకా ఇంకేం మాట్లాడలేదు. నొప్పి వల్లేమో.

నవంబరు 22, శుక్రవారం

ఆసుపత్రి నుంచి ఆ తవ్వకాల దగ్గరికి ఒకటే దారి. షాపు అద్దం పక్కనుంచే వెళ్ళాలి. ఆవిడ అద్దానికి అవతల నన్ను పిలుస్తూ నడిచింది. నేను ఇవతల పడుకుని ఉన్నాను.

నవంబరు 24, ఆదివారం

మంగళవారం సాయంత్రం ఇంట్లో జరిగింది ఇంకా రాయలేదు.

ఆయన కట్టు చూసి భయపడ్డారు. ఆయనకి భయమేస్తే కోపం వస్తుంది. "ఎలా జరిగింది?" అన్నారు నా వైపు తిరిగి. నేను చెప్పబోయాను. చెప్పబోయాననే అనుకుంటున్నాను. ఈలోపు అత్తయ్య అందుకుంది.

"దాన్నెందుకు అడుగుతావ్? బల్ల మీద కూర్చోమంటే కాలు నిలవక నేనే లేచి వెళ్ళాను."

"ఒక్కచోట కూర్చోవడం చేతకాదా అమ్మా నీకు? చిన్నపిల్లవా? ఏ లారీ కిందో పడితే? ఆ పిల్ల నీ కోసం వీధులన్నీ ఎంత వెతుక్కుందో ఒక్కసారైనా ఆలోచించావా?"

"ఆలోచించలేదురా. బుద్ధి తక్కువైంది."

కొడుకు తిడుతుంటే తల దించుకుని వింది. నేను స్టవ్ దగ్గర నిలబడి టీ కాచాను. ఇద్దరికీ ఇచ్చి చక్కెర సరిపోయిందా అని అడిగాను. అది ఒక్కటే అడిగాను.

ఇవాళ పక్కింటి పిన్ని వచ్చింది. నేను రొట్టె పాలలో నానబెట్టి అత్తయ్య నోట్లో పెడుతుంటే చూసి, "అదృష్టం చేసుకున్నావు వదినా. కన్నకూతురైనా ఇలా చూడదు" అంది.

"అవును" అంది అత్తయ్య. నమిలి మింగి మళ్ళీ "అవును" అంది.

పొద్దున్నే ఆవిడ జుట్టు దువ్వుతున్నాను, మొహం కడుగుతున్నాను, బొత్తాలు పెడుతున్నాను. అడగకముందే చేస్తున్నాను. పిన్ని చూస్తున్నప్పుడు ఇంకాస్త శ్రద్ధగా చేశాను. అది నేనే గమనించాను.

నిజం ఆవిడ ఎందుకు చెప్పలేదు? తెలియదు కాబట్టి. చూపులేని మనిషికి నేను ఎటునుంచి వచ్చానో ఎలా తెలుస్తుంది? తెలియదు. జనంలో తప్పిపోయాననే అనుకుని ఉంటుంది.

నవంబరు 26, మంగళవారం

బల్ల మీదే కూర్చున్నాను. మంచినీళ్ళకి కూడా లేవలేదు. ఎవరు చూడాలనో.

వచ్చే మంగళవారం ఆపరేషన్ అన్నారు. చేతికి కట్టున్నా ఫరవాలేదట.

అత్తయ్య బయటికొచ్చి ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. నేను ముదురు రంగు శాలువా కప్పుకున్నాను. "ఇక్కడున్నాను" అన్నాను. వినపడలేదు. రెండోసారి గట్టిగా అనాల్సి వచ్చింది. గాలిలో చెయ్యి చాపుకుంటూ నా గొంతు వైపు నడిచింది.

"స్వెట్టరేదే?"

"ఉతికి ఆరేశాను అత్తయ్యా."

షాపు ఆ మలుపులోనే ఉంది. వెళ్ళి అడిగితే ఇచ్చేస్తారు. ఆ అమ్మాయి మొహం మళ్ళీ చూడలేను.

నవంబరు 29, శుక్రవారం

స్వెట్టరు మళ్ళీ అడిగింది. ఇంకా ఆరలేదన్నాను.

"ఇన్నాళ్ళు ఆరని స్వెట్టరా! ఊలుతో అల్లానా, నీళ్ళతో అల్లానా?"

ఆయన పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వగలిగాను.

డిసెంబరు 1, ఆదివారం

ఒక మాట రాయకుండా దాచుకున్నాను. దాచుకుంటే ఎవరి దగ్గర దాచినట్టు? ఇది చదివేది నేనే కదా.

ఇద్దరమే అన్నాక షాపు అమ్మాయి ఇంకా అడిగింది. "పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఎత్తు తక్కువ మంచం చూపిస్తాను మేడమ్. అత్తగారుంటారా?" అని.

"లేరు" అన్నాను.

"అయ్యో. ఎప్పుడు?"

వేరే ఊళ్ళో ఉంటారనొచ్చు. ఆడపడుచు దగ్గర ఉంటారనొచ్చు. "ఈ మధ్యే" అన్నాను. ఆ అమ్మాయి జాలిపడి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

ఎల్లుండి ఆపరేషన్. ఆ మాట తప్ప ఇంకేదీ గుర్తుకు రావడం లేదు.

డిసెంబరు 4, బుధవారం

ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న ఆయన కూడా వచ్చారు. రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచుకుని ఇవాళ పొద్దున కంటి కట్టు విప్పారు.

నిన్న అత్తయ్యని లోపలికి తీసుకెళ్ళాక ఆయన, "పద, అలా నడిచొద్దాం. ఇన్ని వారాలూ ఈ బల్లకే అతుక్కుపోయావ్" అన్నారు. వద్దన్నాను. చెయ్యి పట్టి లేపారు. దారి పొడుగునా గేట్లు చూసుకుంటూ నడిచారు. "ఈ అతుకు చూడు, ఎవడు చేశాడో గానీ పని నేర్చుకోకుండా చేశాడు" అంటూ. ఇంకో గేటు దగ్గర ఆగి ఏమీ అనకుండా ఊచ మీద చెయ్యి వేసి నిమిరారు. నాకు ఇంకేదీ కనపడలేదు. మలుపు దగ్గరపడుతోంది.

అద్దం ముందు ఆగిపోయారు. "అరే, ఇటు చూడు!"

పడకగదిలో, మంచం పక్క కుర్చీ మీద, వీధికి కనపడేలా వేసి ఉంది. పొడుగు చెయ్యి కిందకి వేలాడుతోంది.

"అచ్చం అమ్మ స్వెట్టరే! చెయ్యి కూడా అలాగే ఏడిసింది. చూశావా, మనం వెక్కిరిస్తాం గానీ ఇక్కడ ఇదే ఫ్యాషన్ అన్నమాట."

"అవును" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ మంచం వైపు, తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. "మనకీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి గది ఉంటుందిలే" అన్నారు మెల్లగా. "లోపలికి వెళ్దామా? చూసొద్దాం."

"వద్దు."

"భయమా? ఎవరూ ఏమనరు."

"భయమే" అన్నాను.

ధైర్యం చెప్పడానికి నా భుజం మీద చెయ్యి వేశారు. అలాగే ఆసుపత్రిదాకా నడిపించుకొచ్చారు.

ఇవాళ కట్టు విప్పగానే అత్తయ్య ముందు కొడుకుని చూసింది. "నీ జుట్టేదిరా?" అంది. గదిలో అందరూ నవ్వారు. "నేను చూడని టైము చూసి ఊడిపోయిందా" అంది.

తర్వాత నన్ను చూసింది. చాలాసేపు.

"ఇంత చిన్నపిల్లవా నువ్వు" అంది.

నేను తల దించుకున్నాను. గడ్డం పట్టుకుని పైకెత్తింది. "దాక్కోకే. ఇన్నాళ్ళకి చూస్తున్నాను, చూడనీ."

బస్సులో అంది, "ఇంటికెళ్ళాక ఆ స్వెట్టరు చూపించు. ఎలా అల్లానో ఈ కంటితో చూసుకోవాలి."

డిసెంబరు 6, శుక్రవారం

ఒంటి చేత్తో బట్టల పెట్టె తెరిచి చూసింది. పెరట్లో తీగ దగ్గరికి వెళ్ళి చూసింది. మంచం కింద కూడా.

నన్ను అడగలేదు.

డిసెంబరు 10, మంగళవారం

ఇవాళ ఇద్దరమే వెళ్ళాం. పరీక్ష తొందరగా అయిపోయింది. బస్సుకి చాలా టైముంది. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం.

"ఈ బల్లేనా?" అంది అత్తయ్య. చెక్క మీద ఎడమ చెయ్యి రాసింది. "రాయిలా ఉంది. దీని మీద ఎవరికీ నిద్ర పట్టదు."

నేను సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఆ రోజు నన్ను బకెట్టు మీంచి లేపుతుంటే నీ బుగ్గ చేతికి తగిలింది. బుగ్గ నిండా నా అల్లిక అచ్చుపడి ఉంది. రెండు ముళ్ళు, ఒక జారుడు. కళ్ళు లేకపోతే వేళ్ళు కూడా లేవనుకున్నావా?"

నా చెయ్యి దానంతట అదే బుగ్గ మీదకి పోయింది. ఇప్పుడేం లేదు అక్కడ.

"దాన్ని తలకింద పెట్టుకుని ఎక్కడో నిద్రపోయావు. అంతవరకు తెలుసు. ఎక్కడో తెలియదు. చూపించు" అంది. లేచి నిలబడింది కూడా.

ఆవిడకి అన్నీ తెలుసు. తెలిసే ఆ తిట్లు తింది. తెలిసే పిన్నితో అవునంది.

తీసుకెళ్ళాను. ఏం చెప్పను. దారిలో అద్దం పక్కనుంచి నడుస్తుంటే వేలితో అద్దాన్ని రాసుకుంటూ నడిచింది.

లోపల అన్నీ చూసింది. చెక్క పండు ముక్కు దగ్గర పెట్టుకుని "మోసం" అని మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. పడకగది దగ్గరికి వచ్చేసరికి షాపు అమ్మాయి పరుగున వచ్చింది.

"మేడమ్! మీ కోసం ఎంత చూశానో! స్వెట్టరు జాగ్రత్తగానే ఉంది. మా మేనేజర్‌కి తెగ నచ్చింది. ఇల్లంటే మనుషులున్నట్టుండాలి అని కుర్చీ మీద వేయించారు." అత్తయ్య వైపు తిరిగి నవ్వింది. "వీరు?"

"మా అత్తయ్య" అన్నాను.

నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. "అత్తగారు ఈ మధ్యే... మీరు లేరన్నారు కదా మేడమ్" అంది. కావాలని అనలేదు. నోరు జారింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

మూడు గోడల గదిలో దాక్కోవడానికి చోటుండదు.

అత్తయ్య మెల్లగా మంచం మీద కూర్చుంది. పరుపుని అరచేత్తో ఒత్తి చూసింది. మళ్ళీ ఒత్తింది.

"అలా అందా?" అంది షాపు అమ్మాయితో. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "అంటే అననీలే అమ్మా. మా అత్త ఉన్నన్నాళ్ళూ నాకూ అలాగే అనిపించేది. నేను పైకి అనలేదు, అంతే. నేను దీనికంటే గడుసుదాన్ని."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. పరుపు మీద చెయ్యి మాత్రం ఒత్తుతూనే ఉంది.

షాపు అమ్మాయి నెమ్మదిగా తప్పుకుంది.

"ఆ తలుపు వెయ్యి" అంది అత్తయ్య. వేశాను. "ఇదేనా నీకు కావలసింది?"

తల ఊపాను. ఎందుకో అప్పుడు ఏడుపొచ్చింది. "ముందు గోడ లేదు అత్తయ్యా" అన్నాను.

"తెలుసే. చూపొచ్చింది కదా."

కుర్చీ మీది స్వెట్టరు అందుకుంది. దానికో చిన్న అట్టముక్క కట్టి ఉంది. ఏం రాశారని అడిగింది. "ఇది అమ్మకానికి కాదు" అని చదివాను. "ఎవరు కొంటారులే" అంటూ స్వెట్టరు విప్పి ఒళ్ళో పరుచుకుంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. మొహం మారిపోయింది. ఆ షాపు అమ్మాయి మాటకి మారని మొహం అప్పుడు మారింది.

"ఒక చెయ్యి ఇంత పొడుగా! ఇది వేసుకుని ఇన్నాళ్ళూ నలుగురిలో తిరిగావా? నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం? సిగ్గేయలేదటే నీకు?"

"వేసింది అత్తయ్యా" అన్నాను.

దేనికని ఆవిడ అడగలేదు. అట్టముక్క తెంపి స్వెట్టరు నా చేతికిచ్చింది. అక్కడే తొడుక్కున్నాను. బస్సులో చెయ్యి మడవలేదు. వేళ్ళు దాటి వేలాడింది, వేలాడనిచ్చాను.

ఇల్లు దగ్గరపడుతుంటే అడిగాను, "ఆయనకి చెప్పాలా అత్తయ్యా?" అని.

"నేను చెప్పిన అబద్ధం నాది. దాని సంగతి నేను చూసుకుంటాను. నీది నువ్వు చూసుకో" అంది.

డిసెంబరు 11, బుధవారం

చెప్పాను.

భోజనాలయ్యాక, తెరకి ఇవతల, గొంతు తగ్గించకుండా చెప్పాను. షాపు సంగతి, నిద్ర సంగతి. అద్దం వెనక స్వెట్టరు మనదేనని. ఆ అమ్మాయితో అన్న మాట కూడా. అది చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు.

ఆయన ఒక్కటే అడిగారు. "నేను అమ్మని తిడుతున్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నాను. టీ కాస్తున్నాను."

లేచి బయటికి వెళ్ళిపోయారు. తెర అవతలినుంచి ఏ మాటా రాలేదు. నేను ఈ ఇంటికి వచ్చాక ఇలా ఎప్పుడూ జరగలేదు.

డిసెంబరు 13, శుక్రవారం

నాతో మాట్లాడటం లేదు. పొద్దున వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, చేతి కట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉండిపోయారు. అత్తయ్య ఆ బట్టతల మీద ఒక్కటిచ్చి, "పనికి ఆలస్యమవుతుంది, పోరా" అంది.

నేను చుట్టిన రొట్టెల డబ్బా తీసుకెళ్ళారు. ఖాళీగా తెచ్చారు. అంతవరకే.

డిసెంబరు 15, ఆదివారం

ఇవాళ ఆయనకి సెలవు. గుమ్మం దగ్గర కూర్చుని ఏదో ఇనప ముక్కకి తుప్పు గీకుతున్నారు.

"మొగుడూ పెళ్ళాం ఇలా మొహాలు వేలాడేసుకుంటే ఇది చూడ్డానికేనా నాకు కన్ను బాగుచేయించారు?" అంది అత్తయ్య. ఎవరూ నవ్వలేదు. అప్పుడు స్వెట్టరు తెమ్మంది. ఎడమ చెయ్యి విప్పేస్తానంది.

"వద్దు అత్తయ్యా. అలాగే ఉండనీయండి."

"అందరూ తప్పులు దిద్దుకుంటున్నారు ఈ ఇంట్లో. నన్నూ దిద్దుకోనీ."

కట్టున్న చేత్తో అల్లలేదు కాబట్టి, ఆవిడ చెప్తే నేను అల్లాలి. ముందు విప్పాలి. ఆవిడ పోగు లాగుతోంది, నేను ఉండ చుడుతున్నాను. పసుపుపచ్చ ఊలు, వంకీలు తిరిగి, అన్నాళ్ళు ఏ ముడిలో ఉందో ఆ ముడి ఆకారంలోనే వస్తోంది.

గీకుతున్న చప్పుడు ఆగింది.

"ఎంత విప్పాలి అమ్మా?" అన్నారు ఆయన.

"నన్నడుగుతావేం? వేసుకునేది అది. దాన్నడుగు."

ఆయన నన్ను అడగలేదు. చేతులు దులుపుకుని లేచి వచ్చి నా ముందు కూర్చున్నారు. నా వైపు చూడలేదు, నా చేతి వైపు చూశారు. గేటు ఊచలు కొలిచేటప్పుడు చూసినట్టు.

"చెయ్యి చాపు" అన్నారు.

చాపాను.

"కదలకు" అని, భుజం దగ్గర మొదలుపెట్టి, జానతో కొలవసాగారు.